వీపు వెనక రెండు వేళ్లు

ఏళ్ల కిందట కదిరి నుంచి అనంతపురం పోయే బస్సులో, ముందరి ఆడవాళ్ల సీట్లో నా పక్కన కూర్చున్న పొడుగాటి ఆమె దేశదేశాలు తిరిగి టెన్నిస్ డబుల్స్ ఆడిందట. మోకాలు చెడి మానేసిందట.

"నెట్టుకాడ నేను నిలబడితే, సర్వీసు చేసే నా జోడీ వెనకుంటాది. నేనెటు దూకేదీ వేళ్లతో చెప్తాంటి. రెండు చాపితే నేను ఎడమకు, ఖాళీ అయిన కుడిపక్కకు ఆమె. పదేండ్లలో ఒక్కసారి గూడా వెనక్కి తిరిగి సూడలేదు."

చెబుతుంటే ఆమె చేయి దానంతటదే వీపు వెనక్కి పోయింది. గెలిచిన కప్పులకు కాదు, వెనకాల అలాంటి మనిషి ఉన్నందుకు నా కడుపు మండింది.

బస్టాండులో దిగాక, మగవాళ్ల సీట్లలోంచి వచ్చి నా వెనకే నడుస్తున్న మా ఆయనకు కనపడేలా వీపు వెనక రెండు వేళ్లు చాపాను.

"ఏమే, చెయ్యి నొస్తాందా?" అంటూ ఆయన నన్ను దాటి కుడివైపు వెళ్లిపోయాడు.