సిరా రంగు మారేంతసేపు

మా అత్తయ్యకి పెన్నంటే ఇంకు పెన్నే. బాల్ పెన్ను గ్యాస్ బుకింగ్ నంబరు రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆవిడ అభిప్రాయం. ఆ ఇంకు పెన్నులో ఆవిడ పోసేది ఒకే ఒక ఆకుపచ్చ సిరా. రాసేటప్పుడు లేత వరినారు రంగులో ఉండేది. కాసేపటికి, మనం చూస్తుండగానే, ముదురు మామిడాకు రంగుకి తిరిగేది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ సిరాలో ఇనుము లవణం ఉందనీ, గాలి తగిలి ముదురుతుందనీ నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ మెడ సాచి చూసేదాన్ని. అంత ముచ్చటగా మారేది మరి.

ఆ సిరాతో ఆవిడ రాసేవి వాగ్దానం కార్డులు. క్రైస్తవుల ఇళ్ళలో తెలియని వాళ్ళుండరు గానీ నాలాంటి వాళ్ళకోసం చెప్పాలి. కొత్త సంవత్సరం మొదటిరోజు పొద్దుటి ఆరాధనలో ఒక పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ వచ్చి చూడకుండా ఒకటి తీసుకుంటారు. దాని మీద ఏ బైబిలు వాక్యం ఉంటే ఏడాదంతా అదే వాళ్ళకి దేవుడి వాగ్దానం. ఇప్పుడు చాలాచోట్ల పువ్వుల బొమ్మలున్న అచ్చు కార్డులే పంచుతున్నారు. చోడవరంలో మా సంఘానికి మాత్రం అత్తయ్య చేత్తో రాసివ్వాల్సిందే. దేవరాపల్లి బడిలో టీచరుగా ఉన్న రోజుల నుంచీ ఆ పని ఆవిడదే. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే అచ్చు యంత్రం కూడా సిగ్గుపడుతుంది.

మా పుట్టింటివాళ్ళది గుడికెళ్ళే కుటుంబం. రిజిస్టరు పెళ్ళి చేసుకుని నేనీ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అత్తయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. అసలు నాతో మాట్లాడితే కదా అనడానికి! నేను ఎదురుగా కూర్చునుండగానే కొడుకుతో, "ఆవిడ టీ తాగుతాదేటో అడుగు," అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఆవిడ తాగుతుందని చెప్పు," అనేదాన్ని. నేనేం తక్కువ తిన్నానా? మధ్యలో మా ఆయన నలిగిపోయేవాడు.

అలాంటి రోజుల్లోనే మొదటిసారి ఆవిడ కార్డులు రాయడం చూశాను. డిసెంబరు నెల. చెరుకు ట్రాక్టర్లు వీధిలో పోతూ ఇల్లంతా అదరగొడుతున్నాయి. ఆవిడ వాటిని పట్టించుకోకుండా ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని ఒక కార్డు రాశారు. పెన్ను మూత పెట్టారు. రాసిన కార్డును ఎదురుగా పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చున్నారు. తప్పులున్నాయేమో సరిచూసుకుంటున్నారు అనుకున్నాను. నారు రంగు మామిడాకు రంగుకి తిరిగింది. అప్పుడు తల ఎత్తి, ఎదురుగా ఉన్నది నేనన్న సంగతి మర్చిపోయి, "సూడు, పండింది," అన్నారు.

గోరింటాకు పండిందన్నట్టే అన్నారు. ఆ ఇంట్లో నాతో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట అదే. నేను కూడా పౌరుషం మర్చిపోయి, "భలే పండిందండీ," అన్నాను. అలా ఆ సిరా మా ఇద్దరికీ మాటలు కలిపింది. ఆ తర్వాత "ఆవిడ" కాస్తా "అమ్మా" అయింది, కొన్నాళ్ళకి "ఒసే" అయింది. ఆ "ఒసే" వినబడిన రోజున నాకు కలిగిన సంతోషం ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు. ఏటా నాకొచ్చిన కార్డును ఫోను కవరు లోపల పెట్టుకుంటాను. భక్తా అంటే చెప్పలేను. ఆ చేతిరాత నా దగ్గర ఉండాలనిపిస్తుంది, అంతే.

మొన్నటి డిసెంబరులో కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఇంటికొచ్చారు. కుర్రాడు, మర్యాదస్తుడు. "అమ్మగారూ, మీకెందుకండీ శ్రమ? ఈసారి వైజాగ్‌లో అచ్చేయించేద్దాం," అన్నారు. అత్తయ్య ముఖం చిన్నబోయింది. "నా సెయ్యి ఆడినన్నాళ్ళూ నేనే రాస్తాను బాబూ," అన్నారు. సరే, క్రిస్మస్ దాటాక వచ్చి తీసుకుంటాననీ, అప్పటికి పూర్తికాకపోతే మాత్రం అచ్చువి తెప్పిస్తాననీ చెప్పి ఆయన వెళ్ళారు. ఒకసారి అచ్చు మొదలైతే ఇక చేతిరాత మళ్ళీ రాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే సిరా సీసా ఖాళీ అయింది. మా ఆయన ఆన్‌లైన్లో కొత్తది తెప్పించాడు. అదే కంపెనీ, అదే సీసా, అదే పేరు. అట్టపెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కొత్త ఫార్ములా అని ఉంటే ఎవరు చూస్తారు?

అత్తయ్య రాశారు. లేతపచ్చగా, చక్కగా పడింది. ఎదురుచూశారు. లేతపచ్చగానే ఉంది. గాలి తగల్లేదేమోనని కిటికీ గట్టు మీద పెట్టారు. ఇంకో కార్డు రాసి ఫ్రిజ్ మీద పెట్టారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి సోఫా మీద కార్డులు, టీవీ ముందు కార్డులు, బియ్యం డబ్బా మూత మీద కార్డులు. కూర్చోవడానికి చోటు లేదు.

"ముట్టుకోకే! పండలేదు."

వేలితో రుద్ది చూశాను. "ఎప్పుడో ఆరిపోయాయి అత్తయ్యా."

"ఆరితే సాలేటి? పండాల కదా."

అట్టపెట్టె తిరగేస్తే అప్పుడు కనబడింది ఆ చీమ తలకాయ. నాకు కోపం నషాళానికంటింది. కంపెనీకి మెయిల్ రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. పాత సిరా పాళీలను తినేస్తోందని, సీసాలో ఒక రంగు కాగితం మీద ఒక రంగు ఉంటోందని చాలామంది ఫిర్యాదు చేశారట. అందుకని ఆ ఇనుము తీసేసి, మారని రంగు వేశారట. మారడమే దాని అందం అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

నేనూరుకుంటానా? ఆదివారం మూలికల కొట్టుకెళ్ళి కరక్కాయలూ, ఇనుము లవణమైన అన్నభేదీ తెచ్చాను. మా తాతల కాలంలో నల్ల సిరా వాటితోనే కాచేవారు. కాచి, వడకట్టి, కొత్త సిరాలో కొంచెం కలిపాను. మొదటి గీత నిజంగానే పచ్చగా పడి నల్లబారింది. నేను చప్పట్లు కొట్టాను. రెండో గీత పడనే లేదు. పెన్ను నిండా నల్లటి గసి పేరుకుపోయింది.

అత్తయ్య పెన్ను పైకెత్తి చూసి పకపకా నవ్వేశారు. "ఏటే కెమిస్ట్రీ మేడమ్, నా పెన్ను పీక నొక్కేసేవు కదే!"

ఆవిడే కొళాయి కింద ఓపిగ్గా కడుక్కుని, మళ్ళీ కొత్త సిరానే పోసుకున్నారు. ఒక మాట న్యాయంగా చెప్పాలి. కొత్త సిరా చెడ్డదేం కాదు. ఒక కార్డు మీద తడిచెయ్యి పెట్టాను, అక్షరం చెదరలేదు. పాతది అయితే అలుక్కుపోయేది. అయినా పని సాగడం లేదు. ఒక కార్డు రాస్తారు, దాన్ని చూస్తూ కూర్చుంటారు. టీ చల్లారిపోతుంది. ఇంకా చూస్తూనే ఉంటారు. క్రిస్మస్ నక్షత్రం గుమ్మానికి వేలాడదీశాం. కార్డుల పెట్టె సగం కూడా నిండలేదు.

నాకు భయం పట్టుకుంది. ఉండబట్టలేక అడిగేశాను. "అది మారదని తెలిసిపోయింది కదత్తయ్యా. ఇంకా దేనికోసం చూస్తున్నారు?"

ఆవిడ పెన్ను మూత బిగించి పక్కన పెట్టారు.

"కార్డు రాసీసేక, అది ఎవరి సేతికెల్తాదో వాళ్ళకోసం ప్రార్థన సేస్తాను. ఎవరో నాకు తెల్దు. రంగు తిరిగేక ఆపుతాను. ఎప్పుడో అలా పెట్టీసుకున్నాను. ఇప్పుడిది తిరగదు. ఎక్కడ ఆపాలో తెల్డం లేదు. తక్కువైపోతే? తీసుకున్నోళ్ళకి ఏ కష్టముందో ఏటో!"

ఇన్నేళ్ళూ ఆవిడ తప్పులు దిద్దుకుంటున్నారనుకున్నాను. సిరా ఆరడానికి ఆగుతున్నారనుకున్నాను. ఆ బల్ల దగ్గర జరిగేది ఇదని ఆవిడ కన్నకొడుక్కి కూడా తెలియదు. నా నోట తెలివితక్కువ మాట వచ్చింది.

"ఫోన్లో అలారం పెట్టనా అత్తయ్యా?"

"గుడ్లు ఉడకబెడతన్నానేటే?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నా వంక చూసి, "నువ్వు సెప్పు," అన్నారు. "ఆ రంగు నాకంటే నువ్వే బాగా సూసేవు. నువ్వు పండిందంటే పండినట్టే."

"నాకు ప్రార్థన రాదు కదత్తయ్యా."

"నిన్ను సెయ్యమన్నానేటి? సూడమన్నాను."

అలా రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆవిడకి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆవిడ రాసి, మూత పెట్టి, కళ్ళు దించుకునేవారు. నేను కార్డు వంక చూస్తూ పాత సిరాను గుర్తు తెచ్చుకునేదాన్ని. ఇదిగో అంచులు ముదిరాయి, ఇదిగో ఒత్తుల దగ్గర చిక్కబడింది, ఇదిగో మామిడాకు. "పండింది అత్తయ్యా," అనేదాన్ని. ఆవిడ మారుమాట లేకుండా కార్డును పెట్టెలో వేసి ఇంకోటి అందుకునేవారు. పని పరుగెత్తింది. మొదట్లో పాత సిరా లెక్క ప్రకారమే చెప్పాను. పోను పోనూ, ఇదెవరికి వెళ్తుందో, వాళ్ళింట్లో ఏముందో అని నాకూ ఆలోచన పట్టుకుంది. అప్పుడప్పుడు ఆలస్యంగా చెప్పేదాన్ని. ఆవిడ అడగలేదు.

మర్నాడు పాస్టరు గారు వస్తారనగా పెట్టె నిండింది. ఒక్క కార్డు మిగిలింది. ఆవిడ దాన్ని రాస్తుంటే నాకు ఆటపట్టించాలనిపించింది.

"నేనొచ్చిన కొత్తల్లో నాతో మాట్లాడేవారే కాదు కదా. అప్పుడు నాకొచ్చిన కార్డుక్కూడా రంగు తిరిగేదాకా చేశారా?"

అత్తయ్య మూత పెట్టి, కార్డును బల్ల మధ్యకు జరిపారు.

"సేసేను. నీ మీద కోపంగానే ఉన్నాను. నీకు ఏ కార్డొస్తాదో తెలిస్తే దానికి తగ్గించీసుందునేమో. తెల్దు కదే. అందుకే అన్నిటికీ ఆగేను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఫోను అక్కడే బల్ల మీద ఉంది, దాని కవరు లోపల ఆ ఏడాది మొదట్లో నాకొచ్చిన కార్డు. ఆవిడ కళ్ళు దించుకున్నారు. నేను కార్డు వంక చూశాను గానీ అక్షరాలు సరిగా కనబడలేదు. చాలాసేపయింది. చీకటి పడుతోంది, లైటు వెయ్యాలన్న ధ్యాస కూడా ఇద్దరికీ లేదు.

"సెప్పవేటే?" అన్నారు అత్తయ్య, తల ఎత్తకుండానే. "పండలేదా?"

"ఇంకా లేదత్తయ్యా," అన్నాను.

"సర్లే," అని ఆవిడ మళ్ళీ పెదవులు కదిపారు.