తలుపు బయటి గొంతు

ఆ ఆదివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద మా తమ్ముడి భార్య సునీత తెగిన చెప్పు కుట్టించుకుంది. నేనూ, తమ్ముడు సైదులూ పక్కన నిలబడ్డాం. అంతవరకు అది మామూలు రోజే.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎల్బీ నగర్‌లో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. పిల్లలు దయ్యాల కథలు అడిగితే పుస్తకం తీసి ఇస్తాను, అంతే. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తాను.

సైదులు నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. తాగి వచ్చినప్పుడు తలుపు తీయడం ఆలస్యమైతే పిడికిలితో బాదేవాడు. తీశాక అదే పిడికిలి సునీత మీద పడేది. ఒకసారి ఆమె భుజం ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని, కూతుర్ని తీసుకుని హయత్‌నగర్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది.

తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే మీటింగ్ ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. నాకూ సైదులుకూ దాన్ని వెతకడమే కష్టమైంది. బిల్డింగు నిండా కోచింగ్ సెంటర్లు. మీటింగ్‌కు బోర్డు లేదు, నోరు తెరిచి అడగడానికి సిగ్గు. ఒకచోట మమ్మల్ని కూర్చోబెట్టి, "బాబుది ఏ గ్రూపు మేడం? ఎంపీసీనా?" అని అడిగారు.

"మాది క్వార్టర్ గ్రూపు సార్," అన్నాడు సైదులు. వాడు నవ్వగా చూసి చాలా రోజులైంది.

మీటింగ్ మూడో అంతస్తులో, ఆదివారం ఖాళీగా ఉండే ట్యూషన్ గదిలో జరిగేది. ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప తలుపు. అందరికంటే ముందు తాగుడు మానిన ఆనందన్న నడిపేవాడు. లోపలి మాటలు బయటికి పోకూడదని తలుపు మూసి కూర్చునేవారు. అయితే ఎవరు కొట్టినా తీయాలి. తాగి వచ్చినవాణ్ని కూడా వెనక కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవారు.

"తాగినోనికి తలుపు తెరిచేది రెండే జాగలు. వైన్‌షాపొకటి, మనమొకటి," అనేవాడు ఆనందన్న.

సైదులు ఎండాకాలంలో మొదలుపెట్టి చలికాలం దాకా ఒక్క ఆదివారం మానలేదు. మందు ముట్టలేదు. చెప్పు కుట్టించిన ఆ ఆదివారం ఇంటివాళ్లను కూడా రానిచ్చే మీటింగ్. చూశాక తిరిగి రావాలో వద్దో చెప్తానంది సునీత.

వాడు లేచి పేరు చెప్పి, ఆమె ఎముక ఎట్లా విరగ్గొట్టాడో దాచకుండా చెప్పాడు. సునీత తలెత్తలేదు. వాడు వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. ఎవరో చాయ్ అందించారు.

అప్పుడు తలుపు మీద దెబ్బ పడింది. తట్టడం కాదు, బాదడం.

"సునీతా! తియ్యవే తలుపు! తియ్యకుంటే సంపుత!"

అది సైదులు గొంతు. వాడు నా పక్కనే ఉన్నాడు, కుడిచేతిలో చాయ్ గ్లాసుతో. పెదవులు కదల్లేదు. అక్కడున్న వాళ్లంతా వాడి వైపే చూశారు.

సునీత అప్పటికే వైట్‌బోర్డు స్టాండు వెనక్కి వెళ్లి, రెండు చేతులతో తల కప్పుకుని గొంతుక్కూర్చుంది. ఇంట్లో అట్లాగే కూర్చునేదట.

"తియ్యకు ఆనందన్నా," అన్నాడు సైదులు.

"ఎవడైనా మనోడే గదా తమ్మీ," అని ఆనందన్న గడియ తీశాడు.

తలుపు విసురుగా లోపలికి వచ్చింది. ఆనందన్న వెల్లకిలా పడ్డాడు. పెదవి చీలి, ముందు పన్ను ఊడి నేల మీద పడింది. వరండాలో ఎవరూ లేరు. మెట్ల మీద ఇంకా ఎండ ఉంది. కింద గేటు దగ్గరి వాచ్‌మన్ ఎవరూ దిగలేదన్నాడు. తలుపు బయటి వైపు, మనిషి ఛాతీ ఎత్తులో, ఇనుము లోపలికి సొట్టలు పడింది.

సునీత ఆటో ఎక్కుతూ సైదులుతో, "నువ్వు లోపల్నే ఉన్నవ్. నా కండ్లతోని చూసిన. అయినా నేను రాలేను," అంది. వాడు తల ఊపాడు.

తర్వాతి నెలలో, వాళ్లిద్దరూ కాపురమున్న మీర్‌పేట్‌లోని కిరాయి గదిలోనే సైదులు చనిపోయాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి మధ్యాహ్నం లోపల గడియ పెట్టుకుని పడుకునేవాడు. ఆ మధ్యాహ్నం ఎవరో బయటి నుంచి గడియ ఊడేదాకా తలుపు బాదారు. తర్వాత వాణ్ని ముఖం గుర్తుపట్టలేనంతగా కొట్టారు. పిడిగుద్దులే, వేరే ఆయుధం లేదని పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చెప్పాడు. వాడి చేతుల మీద గీత కూడా లేదు. కడుపులో చుక్క మందు లేదు.

కిందింట్లో ఉండే ఓనరమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మళ్ల తాగొచ్చిండనుకున్నం అక్కా. తలుపు తియ్యమని బూతులు తిడుతుండె. ఆ గొంతు మాకు కొత్తనా? అందుకే ఎవ్వరం పైకి పోలే."

పోలీసులకు ఎవరూ దొరకలేదు. చావుకు వచ్చిన చుట్టాలు, "తాగి కొట్లాడి సచ్చిండు," అనుకుంటూ వెళ్లారు. అది అబద్ధం. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాశాను. మా తమ్ముడు తాగకుండా చనిపోయాడు.

సునీత ఇప్పుడు ఇంటివాళ్ల మీటింగ్‌కు వస్తుంది. వైట్‌బోర్డు పక్కన కూర్చుంటుంది. ఆనందన్న పన్ను కట్టించుకోలేదు. మీటింగ్ జరుగుతున్నంతసేపు ఆ గది తలుపు ఇప్పుడు ఎవరూ మూయరు.