ఆరు కుర్చీల గుండ్రటి బల్ల

మా పంజాగుట్ట ఆఫీసులో ఎవరైనా బోర్డు మీద రాయడానికి మార్కర్ మూత తీస్తే చాలు, ఆ ఘాటు వాసనకు నాకు అమీర్‌పేటలోని ఒక మూడో అంతస్తు గది గుర్తొస్తుంది. కింద టిఫిన్ సెంటర్, పైన కంప్యూటర్ కోర్సులు, మధ్యలో మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. అక్కడ పాఠం చెప్పిన గ్రేస్ మేడమ్ గురించి మాట్లాడుకుందామంటే, ఆమెను ఎరిగినవాళ్లు నాకెవరూ తారసపడరు. ఒక మనిషిని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోవడం ఇంత బరువని నాకు ముందు తెలియదు.

మా జిరాక్స్ పుస్తకంలో పెద్ద కథ ఒక్కటే ఉండేది. గుండ్రటి బల్ల చుట్టూ వీరులను కూర్చోబెట్టుకున్న ఇంగ్లండు రాజు కథ. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా నిలబడి ఆ కథను మూడు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పాలి. రాజునూ వీరులనూ ముందు వరుసవాళ్లు పంచేసుకున్నారు. సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, వెనక బెంచీలో నక్కి కూర్చునే నాకు రాణి మిగిలింది. ఆ పుస్తకంలో ఆమెకు ఒక్క మాటా లేదు. ఒక వీరుణ్ణి ప్రేమించింది, రాజ్యం కూలింది, సన్యాసినుల మఠంలో చేరింది, అంతే. నేను లేచి, ఆమె మాట ఎక్కడైనా ఉందేమోనని పేజీలు తిప్పాను.

"రాసినోళ్లు ఆమెకు మాటలియ్యలే. నువ్వియ్యి," అన్నారు మేడమ్.

"నన్నెవరు అడగలే," అన్నాను, రాణి మాటగా, తెలుగులోనే. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. క్లాసు అయ్యాక నన్ను ఆపి తన ఫోను చేతికిచ్చారు. తెలిసిన కథలను అభిమానులు తమకు తోచినట్టు మళ్లీ రాసుకునే వెబ్‌సైట్ అది. అందులో మేడమ్ రాస్తున్న కథలో ఆ రాణి తన కథ తానే చెప్పుకుంటోంది, తెలుగులో.

"గీ కథ ఎన్ని బ్యాచ్‌లకు చెప్పిన్నో. ఒక్కపారి సుత ఆమె నోరు తెరవలే. ఇంటికి పోతే నాతోని మాట్లాడేటోళ్లు సుత లేరు. ఇగ ఇద్దరం మాట్లాడుకుంటున్నం," అన్నారు.

ప్రతి అధ్యాయం కింద చదివినవారి సంఖ్య సున్నా. మర్నాటికి ఒకటైంది. ఆ ఒకటి నేనే. చాలా బాగుందని రాశాను. రాణి మాట్లాడే తీరు మా అమ్మ పొయ్యి దగ్గర తనలో తాను గొణుక్కున్నట్టుండేది, అది చదువుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఇంత మంచి రాతకు నేనొక్కదాన్నేనా అని మనసు ఊరుకోలేదు. మా హాస్టల్ గదిలోని ముగ్గురమ్మాయిల పేర్లతో మూడు ఖాతాలు తెరిచి మెచ్చుకున్నాను. నాలుగో ఖాతాకు 'కోపిష్టి' అని పేరు పెట్టి, నా పేరుతో అనలేనిది అనేశాను: "ఈ రాణి ఇంత మంచిదేమిటి? అందరినీ క్షమించేస్తోంది. ఆమెకు ఒళ్లు మండదా?"

మేడమ్ ఆ అధ్యాయం మొత్తం తీసేసి మళ్లీ రాశారు. కొత్తదానిలో రాణి నిప్పులు చెరిగింది. తరువాతి అధ్యాయాలు వారానికి రెండేసి వచ్చాయి. క్లాసులో ఆమె గొంతే మారిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకరోజు అధ్యాయం చివర ఇలా ఉంది: "నా ఐదుగురు పాఠకులూ ఆదివారం పన్నెండింటికి పంజాగుట్ట చౌరస్తా పక్కనున్న ఇరానీ హోటలుకు రండి. గుండ్రటి బల్ల వేయిస్తాను. ఆ కాలంలో మనలాంటివాళ్లను కూర్చోనివ్వలేదు కదా." ఆ పాఠకులుగా నాతో రమ్మని గదిలోవాళ్లను బతిమాలితే, ఇంటర్వ్యూలకు చదువుకోవాలి, నీ రాణి గోల మాకెందుకని కసిరారు.

నేను వెళ్లేసరికి మేడమ్ చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్ల చీరలో, ఆరు కుర్చీల మధ్య కూర్చుని ఉన్నారు. ఒంటిగంట అయింది.

"అందరు వస్తరంటవా?"

"ఫ్లైఓవర్ కాడ ట్రాఫిక్ ఉన్నట్టుంది మేడమ్."

హోటల్ నిండిపోయింది. వెయిటర్ వచ్చి "మేడమ్, గీ కుర్చీ ఖాళీనా?" అని ఒకటి పట్టుకుపోయాడు. కాసేపటికి ఇంకొకటి. మూడోది కూడా తీసుకుపోతుంటే నేను తట్టుకోలేక ఉన్నదంతా చెప్పేశాను.

ఆమె టీ కప్పు పక్కకు జరిపారు. "నా మీద జాలిపడ్డవా?"

"లేదు మేడమ్. మిమ్మల్ని మస్తుమంది చదవాలనిపించింది."

"గా కోపిష్టి సుత నువ్వేనా? ఆమె ఒక్కతే నన్ను నిజంగ చదివిందనుకున్న."

"నేనే. నా పేరు పెట్టుకొని అనే ధైర్యం లేకుండె."

వెయిటర్ మళ్లీ వచ్చి మిగిలిన ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేశాడు. మేడమ్ దాని వీపు గట్టిగా పట్టుకున్నారు. "గిది ఉండనియ్యి తమ్మీ. ఆమె వచ్చింది," అన్నారు.

నన్ను క్షమించారనే అనుకున్నాను. కానీ ఆ తరువాత ఆమె ఒక్క అధ్యాయం కూడా పెట్టలేదు. నా కోర్సు అయిపోయింది. క్లాసులు ఆన్‌లైన్‌కు మారి ఆ గది మూతపడింది. ఆమె నంబరు పనిచేయడం లేదు. ఆ ఐదుగురినీ ఇచ్చిందీ నేనే, లాగేసుకున్నదీ నేనే.

ఇప్పుడు ఎవరి కథ చదివినా నా సొంత పేరుతో, ఒక్కసారే, అనిపించింది అనిపించినట్టు రాస్తాను. ఆఫీసులో జూనియర్లు పని చూపిస్తే ఊరికే బాగుందనను. నన్ను గయ్యాళి అంటారని తెలుసు. మేడమ్ పేజీలో ఆ ముగ్గురి మెచ్చుకోళ్లూ చెరిపేశాను, కోపిష్టిని మాత్రం ఉంచాను. ఆఖరి అధ్యాయంలో రాణి మఠంలో మొదటి తెల్లవారుజామున కిటికీ తెరుస్తుంది. కథ అక్కడే ఆగిపోయింది. ప్రతి ఆదివారం పన్నెండింటికి దాని కింద నా పేరుతో ఒకే మాట రాస్తాను: "తరువాత ఏమైంది మేడమ్? ఈసారి నిజంగానే నేనొక్కదాన్నే అడుగుతున్నాను."