బరువు దిగాకే బొట్టు

మొన్న మంగళవారం ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో వంటకు బియ్యం కడుగుతుండగా వదిన ఫోన్ చేసింది. మా పెద్దన్న యాదగిరి గుండె ఆగి కన్నుమూశాడట. ముందురోజే నా దగ్గర కాకరకాయ కూర అడిగి తిన్న మనిషి. బియ్యం నీళ్లలోనే వదిలి బోరబండకు పరుగెత్తాను. కళ్లారా చూసినా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేస్తున్న ఆ ఏళ్లలో అమీర్‌పేట సందులన్నీ కంప్యూటర్ నేర్చుకునే పిల్లలతో కిక్కిరిసి ఉండేవి. అన్న పంజాగుట్టలో ఒక తోటల కాంట్రాక్టరు దగ్గర ట్రాక్టర్ నడిపేవాడు. కంపెనీల ముందున్న పచ్చిక కోయడం ఆ శ్రమజీవి పని. నేను అక్కడే కలుపు తీసేదాన్ని. ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డికోత మిషన్ నలుగురు పట్టినా జరగని బరువు.

తగిలించడంలో ఆయనకు ఒక నియమం. ట్రాక్టర్‌ను వెనక్కి తెచ్చి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకునే దిగేవాడు. ట్రాక్టర్ వెనకున్న ఇనుపచేతులను మిషన్ రంధ్రాల్లో పిన్నులతో బిగించేవాడు: ముందు ఎడమది, తర్వాత కుడిది, చివరికి పై కడ్డీ. రంధ్రం వేలెడు తప్పితే మళ్లీ ఎక్కి, జరిపి, మళ్లీ దిగేవాడు. ట్రాక్టర్‌కూ మిషన్‌కూ మధ్యలో మనిషిని నిలబెట్టి పట్టించడం ఎరగడు. యాదగిరన్నకు ఎక్కి దిగినందుకే జీతమని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి మళ్లీ ఎక్కేవాడు.

ఇంట్లోనూ అంతే. బీరువా మేడ ఎక్కించిన రోజు కింది మెట్లమీద ఒక్కరిని ఉండనివ్వక, తాళ్లు కట్టి పైనుంచే లాగించాడు.

ఒక దసరాకు ఆయుధపూజ పెట్టారు. మిషన్ తగిలించి అన్న చేతులు కడుక్కోవడానికి పోయాడు. పైరేకుకు బొట్టు పెట్టిన నేను, కోసేది అడుగునున్న కత్తులు కదా, వాటికి పెట్టకపోతే ఎట్లా అన్నాను. కాంట్రాక్టరు సారుకు నచ్చింది. ఆయనే ట్రాక్టరెక్కి లీవర్‌తో మిషన్‌ను పైకి లేపాడు. కుంకుమ పళ్లెం కిందికి తోసి, భుజందాకా కుడిచెయ్యి దూర్చాను.

"లచ్చిమీ, చెయ్యి తియ్యి."

అన్న గొంతు అంత కఠినంగా నేనెన్నడూ వినలేదు.

సారు తేలిగ్గా అన్నాడు. "ఫికర్ ఎందుకు యాదగిరీ, లీవర్ నా చేతులనే ఉన్నది."

"లీవర్ నీ చేతుల ఉన్నది సార్. బరువు లేదు."

నలుగురిలో తల కొట్టేసినట్టయి చెయ్యి లాక్కున్నాను. అన్న ఇంజన్ ఆపించాడు. వాళ్లు వాదించుకుంటుండగా, ఎవరూ ఏదీ ముట్టకుండానే, పైకి లేపి ఉంచిన నూనె ఒత్తిడి సడలి, మిషన్ చప్పుడు లేకుండా కొంచెం కొంచెంగా కిందికి దిగింది. పళ్లెం రొట్టెలా అణిగిపోయింది.

సారు ట్రాక్టర్ దిగాడు. ఇక చాలు, తిందామన్నారు అందరూ. అన్న వినలేదు. పిన్నులు ఊడదీసి, ట్రాక్టర్ ముందుకు జరిపి, ఆరుగురితో గడ్డపారలు వేయించి మిషన్‌ను గోడకు నిలబెట్టించాడు. అడుగున దుంగలు పెట్టి గొలుసుతో కట్టాడు.

"ఇప్పుడు పెట్టు. ఎంతసేపైనా పెట్టు."

అన్నాలు చల్లారుతుంటే జనం సణిగారు. నేను మూతి ముడుచుకునే మూడు కత్తులకూ బొట్టు పెట్టాను. ఆయన మళ్లీ మొదటినుంచి తగిలించాడు.

నలుగురిలో కసిరాడని నెలరోజులు అన్నతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను గానీ ఆ సంగతి ఎత్తలేదు. నువ్వు చేసిందే సరి అన్నా అని ఒక్కనాడూ అనలేదు. ఆయనా అడగలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లు వండి పిల్లల్ని సాకింది ఈ కుడిచెయ్యే. మొన్న ఆయన నోట్లో తులసినీళ్లు పోసిందీ, ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నదీ ఇదే. అట్లాంటి పుణ్యాత్ముడు మా ఇంట మళ్లీ పుట్టడు. ఆలస్యమైంది అన్నా. నువ్వు చేసిందే సరి.