చనిపోయినవాళ్ల కళ్లు తెరిచే పని

డెబ్బైల్లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ఫోటో స్టూడియోలో నేను టచింగ్ ఆర్టిస్టుని. ఫోటో తీసేది మా సేటు. దాన్ని మనుషులు చూడగలిగేలా చేసేది నేను. దేవుడు తొందరలో చేసిన తప్పులన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. మశూచి మచ్చలున్నవాళ్లకు నున్నటి బుగ్గలు, బట్టతలకు నల్లటి జుట్టు, మెడలో ఏమీ లేని కొత్త పెళ్లికూతురికి మూడు పేటల గొలుసు, అన్నీ బ్రష్షుతోనే. జన్మలో కోటు ముట్టని రైతుకు కోటు తొడిగి, టై కూడా కట్టి పంపాను. ఇది నేను కాదు అని ఒక్కరంటే ఒక్కరు తిరిగి రాలేదు. అబద్ధానికి అద్దం, ఫ్రేము కట్టి ఇస్తే ఎవరు వద్దంటారు?

నా అసలు పేరుప్రతిష్ఠలు మాత్రం చనిపోయినవాళ్ల దగ్గర. ఆ రోజుల్లో పల్లెల్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్లు కాదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయం. ప్రాణం పోయాక ఇక తగ్గడానికేమీ ఉండదు కనుక అప్పుడు స్టూడియోకు కబురు పంపేవాళ్లు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాలు కట్టి, తల వాలకుండా వెనక ఒకరు పట్టుకుంటే సేటు ఫోటో తీసుకొచ్చేవాడు. ఆ వెనక చేతుల్ని మాయం చేసి, మూసుకున్న కళ్లను తెరవడం నా వంతు. తెరవడమంటే రెప్పల మీద కొత్త కళ్లు గీయడమే. ఆ మనిషి కళ్లు ఎట్లా ఉండేవో నాకెట్లా తెలుస్తుంది? బల్ల మీద చిన్న అద్దం పెట్టుకుని, నా కళ్లు చూసి గీసేవాణ్ణి. ఒకసారి కేసముద్రంలో ఒక ధాన్యం వ్యాపారి ఇంటికి భోజనానికి వెళ్తే, గోడ మీంచి వాళ్ల నాయన నా కళ్లతోనే నన్ను చూస్తున్నాడు. "అచ్చం మా బాపే సార్, పిలిస్తే పలికెటట్టుంటడు," అన్నాడు కొడుకు. విస్తరి తీసుకుని కాస్త పక్కకు జరిగి కూర్చున్నాను గానీ, గర్వంగానే అనిపించింది.

ఎనభైల్లో కలర్ వచ్చింది. సేటు హైదరాబాద్ వెళ్లి కొత్త కెమెరా తెచ్చి, దానికి కొబ్బరికాయ కొట్టి, నా వైపు ఒక చూపు చూశాడు. రీలు కడగడానికి మళ్లీ హైదరాబాదే పంపాలి. ముప్పై ఆరు ఫోటోలూ నిండితే గాని పంపడు. పెళ్లికొడుకు పక్కన పుట్టువెంట్రుకలు తీయించుకున్న పిల్ల, ఆ పిల్ల పక్కన శవం, అందరూ కలిసి బస్సులో పోయి వారం తర్వాత వచ్చేవాళ్లు. వచ్చాక చూడాలి తమాషా! ఇన్నేళ్లుగా నేను తెల్లగా చేసి పంపినవాళ్లంతా ఒక్కసారిగా తమ సొంత రంగులో బయటపడ్డారు. "ఏంది సేటూ, నేను గింత నల్లగున్ననా? నీ మిషన్ల ఏదో ఖరాబున్నది," అని ఒకాయన కొట్లాటకే దిగాడు. నాకు కడుపు నిండిపోయింది.

ఆ కొట్లాటలు ఆర్నెల్లు కూడా నిలవలేదు. జనం తమ రంగుకు తామే అలవాటు పడ్డారు, ద్రోహులు. ఎర్ర చీర ఎర్రగా పడుతుంటే ముఖం సంగతి ఎవరికీ పట్టలేదు. నా బల్ల మీద దుమ్ము చేరింది. ఒక రోజు సేటు టేపు తెచ్చి ఆ బల్లను కొలవడం మొదలుపెట్టాడు.

"గీ జాగల ఆల్బమ్‌ల కౌంటర్ పెడుదామనుకుంటాన," అన్నాడు. "నువ్వు ఫ్రేములు కోద్దువు తియ్. ఏం ఫికర్ జెయ్యకు."

పదిహేనేళ్లు కళ్లు గీసినవాణ్ణి పట్టుకుని కట్టెలు కొయ్యమంటున్నాడు! ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే వర్ధన్నపేట వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నెల కింద ఆమె భర్త చనిపోతే సేటే వెళ్లి కలర్‌లో ఫోటో తీశాడు. అందులో ఆయన కుర్చీలో, ముఖం పచ్చగా పాలిపోయి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

"కండ్లు తెరిపియ్యిన్రి అయ్యా, గోడకు పెట్టుకుంట," అంది.

కలర్‌లో అట్లాంటివి కుదరవని సేటు చెప్పబోతుంటే నేను లేచాను. "నేను తెరుస్త," అన్నాను.

సేటు నవ్వాడు. "సరే. నువ్వు చేసింది ఆమె తీస్కపోతే నీ బల్ల నీకే. తీస్కపోకుంటే తెల్లారే కౌంటర్."

ముసలమ్మ నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఆయన ఎడమ కన్ను జర..." అని ఏదో మొదలుపెట్టింది. "నాకు తెల్వదా అవ్వా, నా పనే గిది. వారమాగి రా," అని పంపేశాను. అంతటి ఆర్టిస్టుకు ముఖం గురించి ఇంకొకరు చెప్పాలా?

ఆ వారం చేసినంత మంచి పని నేను మళ్లీ చేయలేదు. కలర్ ఫోటోను బ్లాక్ అండ్ వైట్‌లో కాపీ తీసి పెద్దది చేశాను. బుగ్గలు నింపాను. తలకు రుమాలు చుట్టాను. కళ్లు తెరిచాను. నిండుగా, సూటిగా, ఎదుటివాణ్ణి నిలబెట్టే కళ్లు. పైన రంగులద్దాను. సేటు కూడా చూసి "అబ్బ!" అన్నాడు. అనకుండా ఉండాల్సిందని గుర్తొచ్చి, వెంటనే దగ్గాడు.

ముసలమ్మ వచ్చింది. ఫోటో చేతికిచ్చాను. చూసింది. గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూసింది.

"మంచిగ గీసినవ్ బిడ్డా," అంది. నేను సేటు వైపు చూశాను. "మా ఆయన గింత మంచిగ లేకుండె."

"అంటే... నచ్చిందా అవ్వా?"

"ఆయనకు మెల్లకన్ను. ఎడమ కన్ను గోడ దిక్కు పోయేది. లగ్గమైన కొత్తల నన్ను చూస్తాండో గోడను చూస్తాండో తెల్వక మస్తు పరేషానైన. తర్వాత సమజైంది. నన్నే చూసేటోడు." ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. "గీయన ఎవలో నాకు తెల్వది. పరాయి మొగోన్ని ఇంట్ల ఎట్ల పెట్టుకుంట?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఒక్క మాట వినడానికి ఆ రోజు నాకేం రోగం వచ్చింది? "మళ్ల గీస్త అవ్వా, మెల్లకన్నే పెడ్త," అన్నాను.

"వద్దు బిడ్డా. నీకేం తెల్సు, అదెంత పక్కకు పోయేదో. గా కలర్‌దే ఇయ్యి. కండ్లు మూసుకున్నా దాంట్ల ఆయనే ఉన్నడు."

ఆ కలర్ ఫోటోకు ఫ్రేము నేనే కోశాను. మర్నాడు బల్ల తీసేశారు. నేను వేసిన ఫోటోను పారేయబుద్ధి కాక సేటు షోకేసులో పెట్టాడు. చాలా ఏళ్లు అక్కడే ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. "ఎవలన్నా గీయన? మస్తున్నడు," అని నన్ను అడిగేవాళ్లు.

నాకు తెలియదని చెప్పేవాణ్ణి.