గోళ్ల రంగుతో అతికించిన పాట

నా బ్లాగు చదివేవాళ్లలో చాలామందికి నేను మగవాణ్ణి. "సార్, మీ దగ్గర లేని పాట లేదు" అని రాస్తారు. "గురువుగారూ" అంటారు. ఒకాయన ఏకంగా "మీలాంటి పెద్దల ఆశీస్సులు కావాలి" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై దాటి ఎక్కువ కాలేదు. మొదట్లో సరిదిద్దుదామనుకున్నాను, తరువాత ఊరుకున్నాను. ఆడదాన్నని తెలిస్తే పాటల సంగతి వదిలేసి నా సంగతి అడుగుతారని భయం. చెప్పుకోవడానికి నా దగ్గర గొప్ప సంగతులు కూడా లేవు. గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టరు, నాన్న పోయాక కంపెనీ ఇచ్చిన డిపెండెంట్ ఉద్యోగం, అమ్మ పోయాక పొద్దూకితే మాట్లాడే మనిషి లేని ఇల్లు. ఇవి రాస్తే ఎవరు చదువుతారు?

పాటల గురించి రాస్తే మాత్రం చదివారు. అదీ ఎవరికీ పట్టని పాటలు. ఆడని సినిమాల్లోవి, ఆడిన సినిమాల్లోనైనా జనం బీడీలకు లేచిపోయే చోట వచ్చేవి. వీటిని నేను కష్టపడి వెతికి పట్టుకున్నానని అందరూ అనుకుంటారు. నిజానికి నాకు మొదటి నుంచీ తెలిసిన పాటలే ఇవి.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. మా నాన్న పనిచేసే బాయి గేటుకు ఎదురుగా, మా క్వార్టర్ల లైను వెనకాల ఒక చాయ్ హోటల్ ఉండేది. అది నడిపే మనిషిని పిల్లా పెద్దా అందరూ, చిన్నాన్నను పిలిచినట్టు, హోటల్ కాక అనే పిలిచేవాళ్లు. షిఫ్టు మారే వేళకు దిగేవాళ్లూ ఎక్కివచ్చేవాళ్లూ అక్కడ కలుస్తారు కాబట్టి, సరిగ్గా అప్పుడు టేప్‌రికార్డర్ గొంతు పెంచేవాడు. పెద్దపల్లిలో క్యాసెట్ల దుకాణం ముందు అమ్ముడుపోక కుప్పగా పోసినవాటిని అగ్గువకు ఏరుకొచ్చేవాడు. అంటే అన్నీ మూడు రోజులకే టాకీసు నుంచి ఎత్తేసిన సినిమాలవి.

"పాట పాటే గద బిడ్డా. సినిమా నడవకుంటే పాటేం జేసింది?" అనేవాడు.

మాకు ఆ సంగతి తెలియదు. తెలుగువాళ్లందరూ ఆ పాటలే పాడుకుంటారనుకున్నాం. మా లైనులో అంట్లు తోముతూ అవే, పెళ్లి పందిట్లో అవే. డిగ్రీకి కరీంనగర్ పోయినప్పుడు హాస్టల్లో కొత్తవాళ్లను పాడమంటే నేను ధైర్యంగా లేచి ఒకటి అందుకున్నాను. నాతో గొంతు కలుపుతారని చూశాను. ఎవరూ కలపలేదు. అయ్యాక పక్క మంచం అమ్మాయి మెల్లగా "మంచిగున్నది గని, నువ్వే రాసినవా?" అని అడిగింది. ఆ రోజు మొదలైన ఒంటరితనం ఇప్పటికీ నాకు పూర్తిగా పోలేదు.

ఆ పాటల్లో ఒకదాని మీద నాకు ప్రాణం. ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు. మొదటి చరణంలో అతను తెగ మాట్లాడతాడు. రెండో చరణంలో ఆమె ఎప్పుడొస్తావని అడుగుతుంది. అడగగానే టక్కుమని చిన్న చప్పుడు, వెంటనే పల్లవి. అతను ఒక్క మాట చెప్పడు. మా లైను ఆడవాళ్లకు ఇది నోటికి దొరికిన ఆటపట్టింపు. డ్యూటీ నుంచి వచ్చి, అడిగినదానికి పలకని మొగుణ్ణి "ఏందయ్యా, పాటల మొగడివైనవా?" అనేవాళ్లు. మా అమ్మ మా నాన్నను ఎన్నిసార్లు అన్నదో. నాన్న నవ్వేవాడు, చొక్కా విప్పి దండెం మీద వేసేవాడు, అప్పుడు కూడా పలికేవాడు కాదు.

టక్కుమనే ఆ చప్పుడు నా గోళ్ల రంగుది. కాక దగ్గరి టేప్‌రికార్డర్ ఎప్పుడూ ఆకలి మీద ఉండేది, ఏదో ఒక క్యాసెట్టును నమిలేసేది. ఆయన నలిగిన టేపు ముక్కను బ్లేడుతో కోసి పారేసి, రెండు కొసలనూ గోళ్ల రంగుతో అతికించేవాడు. "బిడ్డా, గా గోళ్ల రంగు జెరంత ఇయ్యవా" అంటూ మా వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. నేను జాతరలో ఏరి కొనుక్కున్న ఎర్ర రంగు నా వేళ్ల మీద కన్నా ఆయన క్యాసెట్ల లోపలే ఎక్కువ ఉంది. అప్పుడు ఏడుపొచ్చేది. ఆ పాట అతికింది కూడా దానితోనే.

కానీ అతికిన చోట ఏం పోయిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. అక్కడే నా పరువు పోయింది.

బ్లాగు మొదలుపెట్టింది అమ్మ పోయిన ఏడాది. ఆఫీసులో కంప్యూటర్ నేర్పించారు, తెలుగులో టైపు చేయవచ్చని చౌరస్తాలో నెట్ సెంటర్ అతను చూపించాడు. తరువాత ఇంట్లోనే కంప్యూటర్ ఒకటి పెట్టుకున్నాను. చాలా నెలలు నేను రాయడం, నేనే చదువుకోవడం. ఆ తరువాత ఎవరో ఒకరికి చెప్పారు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు, ఒక ఆదివారం పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి. అప్పటి నుంచి పొద్దున్నే చాయ్ తాగుతూ చూస్తే కామెంట్లు వచ్చి కూర్చునేవి. దుబాయ్ నుంచి, బెంగుళూరు నుంచి, గుంటూరు నుంచి. ఏ పాట ఏ రాగమో, వయొలిన్ ఎవరు వాయించారో, రికార్డింగ్ రోజు ఎవరికి గొంతు బాగాలేదో, అన్నీ తెలిసినవాళ్లు. మా సెక్షన్‌లో పనిచేసే పిల్లవాడు ఒకరోజు "నెట్‌ల ఎవడో పాత పాటల గురించి మస్తు రాస్తున్నడక్కా, సూసినవా?" అన్నాడు. "సూడలే" అన్నాను.

ఎంతమంది వచ్చినా నాకు కావలసింది ఒక్క మనిషి. ఆ పాటను రాగంతో కాదు, షిఫ్టు సైరన్‌తో కలిపి విన్న మనిషి. మా బాయి మూతపడ్డాక లైనంతా చెదిరిపోయింది. కొందరికి వేరే బాయికి బదిలీలు, కొందరు పని వదిలి సొంత ఊళ్లకు. హోటల్ కాక మందమర్రిలో బిడ్డ దగ్గరికి పోయి అక్కడే కాలం చేశాడని విన్నాను. క్యాసెట్లు ఏమయ్యాయో తెలియదు. తరువాత ఓపెన్‌కాస్టు గని వచ్చి, పైనుంచి తవ్విపోసిన మట్టి కింద ఆ చోటంతా పోయింది. కమాన్‌పూర్ వైపు పోయే బస్సులో నుంచి చూస్తే గుట్ట కనిపిస్తుంది, దాని మీద తుమ్మలు మొలిచాయి. హోటల్ ఏ పక్కన ఉండేదో నాకే ఆనవాలు దొరకదు. బ్లాగు నడిపింది ఆ ఒక్క మనిషి కోసమే. మిగతావాళ్లు చదవడం వాళ్ల మంచితనం.

ఒకసారి నాకు ప్రాణమైన ఆ పాట గురించి రాశాను. పాట నా దగ్గర లేదు, జ్ఞాపకమే. ఆమె ప్రశ్నకు జవాబు రాయకుండా వదిలిన కవి ధైర్యాన్ని తెగ మెచ్చుకున్నాను. ఆ మౌనంలో ఎంత అర్థముందో పేరాలకు పేరాలు వివరించాను. జనం ఆహా ఓహో అన్నారు. వారం తిరక్కుండా బెంగుళూరు ఇంజనీరు ఒకాయన ఎంతో మర్యాదగా మొత్తం పాట పంపించాడు. "జవాబు ఉంది సార్, వినండి" అని.

విన్నాను. ఆమె అడిగింది. టక్కుమనలేదు. అతను పున్నమికి వస్తానని హాయిగా పాడేశాడు. సిగ్గు సరే, నాకు కోపం కూడా వచ్చింది. ఇంత సులువుగా చెప్పే మాటైతే ఇన్నేళ్లు మా అందరినీ ఎందుకు అడిగించినట్టు?

తప్పైందని రాసి, అసలు పాటను బ్లాగులో పెట్టాను. అంతకుముందు దేనికీ రానన్ని కామెంట్లు వచ్చాయి. ఆ తరువాత నాలుగు రోజులు మా వైపు టెలిఫోన్ లైను చెడిపోయి నెట్ లేదు. వచ్చాక చూస్తే, పొగడ్తల మధ్యలో పేరు లేని కామెంటు ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. "ఈ పాట తప్పున్నది. ఆమె అడుగుతది, ఆయన చెప్పడు."

మళ్లీ మళ్లీ చదివాను. ఆ మాట అనాలంటే మా గేటు ముందు నిలబడి చాయ్ తాగి ఉండాలి, లేదా మా లైనులో అంట్లు తోమి ఉండాలి. ప్రపంచంలో ఇంకెవరూ అనలేరు.

కానీ దాని కింద నా పాఠకులు అప్పటికే పని కానిచ్చారు. "ఒరిజినల్ వినిపించాక కూడా తప్పంటారేమిటండీ?" "ముందు చెవులు చూపించుకోండి." "ఇంతకీ ఏ ఊరు బాబూ మీది?" అందరూ చదువుకున్నవాళ్లు, సరదాకే అన్నారు. నేను అడగాలనుకున్న ప్రశ్నను వాళ్లు ఎగతాళిగా ముందే అడిగేశారు. ఆ మనిషి చెప్పిందే నిజమని రాశాను. "సార్ ఎంత సంస్కారవంతులో చూడండి" అని నన్నే మెచ్చుకున్నారు. ఆ మనిషి మళ్లీ రాలేదు. ఏళ్ల తరబడి నేను ఎదురుచూసిన అతిథిని నా ఇంటికొచ్చిన చుట్టాలే గుమ్మంలో నుంచి పంపేశారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వాళ్లు తప్ప ఎవరున్నారు?

కొన్ని నెలల తరువాత పెద్దపల్లి నుంచి బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన కూర్చుని ఊరికే కూనిరాగం తీస్తున్నాను. ఆమె అడిగింది, నేను ఆగకుండా పున్నమి దాకా పోయాను. తెలిసి చప్పున నోరు మూసుకున్నాను. బ్లాగులో పెట్టాక వినీ వినీ కొత్త పాట నా నోటికి పట్టేసింది. మా పాట నాలో కూడా పోతున్నదని అర్థమై నిజంగా భయం వేసింది. నేను కూడా మరిచిపోతే అది ఎక్కడా లేనట్టే.

ఇంటికి రాగానే కంప్యూటర్లో పాట తెరిచి, అతని జవాబును కోసేశాను. రెండు కొసలూ కలిపాను. టక్కుమనే చప్పుడు రాలేదు, అదొక్కటీ నా చేత కాలేదు. బ్లాగులో పెట్టి, ఏమీ రాయకుండా వదిలేశాను. "ఫైలు పాడైంది సార్", "మధ్యలో కట్ అవుతోంది, చూసుకోండి" అని చాలామంది చెప్పారు. బెంగుళూరు ఇంజనీరు పాపం మళ్లీ పంపించాడు. ఎవరికీ జవాబు ఇవ్వలేదు. నెలలు పోయి ఏడాది దాటింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు, బందులు, రోడ్ల మీద వంటలు, నేనూ పోయి కూర్చున్నాను. అక్కడ ముసలివాళ్ల ముఖాలు చూస్తూ, వీళ్లలో ఎవరైనా ఆ మనిషేమోనని అనుకునేదాన్ని. పాట పాడి చూద్దామనిపించేది. హాస్టల్ గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలో, చౌరస్తా వైపు పటాకులు మోగుతున్న ఒక పగటిపూట, ఆ కోసిన పాట కింద కామెంటు వచ్చింది. పేరు లేదు. అవే ఇంగ్లీషు అక్షరాలు. "ఇప్పుడు మంచిగున్నది. గిట్లనే ఉంచుండ్రి."

ఏడ్చాను. చాలాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, మొదటిసారి నా సంగతి రాశాను. "నేను హోటల్ వెనక లైనులో చివరి క్వార్టరు పిల్లను. ఆ గోళ్ల రంగు నాదే. మీది ఏ లైను?"

దాని కింద ఎంతమంది రాశారో. "సార్, మీరు మేడమా?" అని ఆశ్చర్యపోయారు, క్షమించమన్నారు, నా ఊరు అడిగారు, ఫోటో అడిగారు. రోజూ పొద్దున చాయ్ పెట్టుకుని అన్నీ చదువుతాను. ఆ మనిషి ఇంకా చెప్పలేదు.