మనసు చదివే పిల్లలున్నారు, జాగ్రత్త

ఆమధ్య గోదావరి పొంగినప్పుడు భద్రాచలంలో మా వీధంతా బడిలో తలదాచుకుంది. ముసురు పట్టి పగలే కలలా మసకగా ఉంది. నీళ్లు కాచి, వడపోసి తాగండని ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క చెప్పి వెళ్లగానే, పిల్లలు ఆమెలాగే ప్రచారం మొదలుపెట్టారు.

"మనసు చదివే పిల్లలు తిరుగుతున్నరు. పెద్దలు అబద్ధాలను కాచి, వడపోసి చెప్పాలె."

అందరం నవ్వుతుంటే ఏడేళ్ల మా షబానా నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మీ, మనిల్లు మునిగిందని నీ మనసుల ఉంది."

ఇంటికేమీ కాలేదనే దానికి చెబుతూ వచ్చాను.

"నీకెట్ల తెల్సు?"

"మొన్న నువ్వు ఫోన్ల చెప్తుంటె విన్న. ఏడుస్తవని అడగలే."

దాన్ని ఒళ్లోకి లాక్కుని అప్పుడు ఏడ్చాను. వరద తగ్గాక ఇద్దరం కలిసే ఇంట్లో బురద కడిగాం. చిన్నపిల్ల కదా అని దాని దగ్గర నేను నిజం దాస్తుంటే, నన్నే చిన్నపిల్లలా అది చూసుకుందని ఇప్పటికీ తలుచుకుంటాను.